బేకరీ ఆర్డరు చెల్లని రోజు

శామీర్‌పేట దగ్గర కోళ్ల ఫారం ఆఫీసులో గుమాస్తాగా ఉన్న రోజుల్లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్నాను. గురువు లేడు. మేడ్చల్ గ్రంథాలయంలో ఎవరో దానం చేసిన లావుపాటి పుస్తకం ఒకటి ఉండేది. నాకంటే ముందు దాన్ని ఎవరూ ఇంటికి తీసుకెళ్లలేదని వెనక అంటించిన చీటీయే చెప్పింది. మూడుసార్లు చదివి, ఆ ధైర్యంతో ఫోన్ నుంచి వచ్చే గుడ్ల ఆర్డర్లను ఆఫీసు కంప్యూటర్‌లో అందుకునే ప్రోగ్రాం, అంటే ఏపీఐ, రాసేశాను.

మా సేల్స్‌మన్ దుకాణాలు తిరిగి, యజమానుల చేతనే తన ఫోన్‌లో ఆర్డరు టైపు చేయించి, పొద్దున్నే అన్నీ కలిపి ఒకే జాబితాగా పంపేవాడు. చదరపు బ్రాకెట్ల మధ్య వరసగా వచ్చే ఆ జాబితాను జేసన్ అరే అంటారు. నా ప్రోగ్రాం దాన్ని విప్పి, దుకాణానికొక చీటీ తీయాలి. ఆ చీటీలు చూసే వ్యాన్‌లోకి ట్రేలు ఎక్కుతాయి.

"ఇవాళ నడిస్తే సరే. లేకపోతే రేపటి నుంచి మళ్లీ రిజిస్టరే" అన్నారు మా సారు మొదటి రోజునే.

ముప్ఫై దుకాణాల జాబితా వచ్చింది. చీటీ ఒక్కటీ రాలేదు. తెర మీద ఒకటే మాట: ఇన్‌పుట్ చెల్లదు. బయట డ్రైవర్ హారన్ మోగిస్తున్నాడు.

వెతికితే దొరికింది. అత్వెల్లి బేకరీ ఆయన ట్రేల లెక్క దగ్గర అంకె వేయకుండా అక్షరాల్లో "రెండు" అని రాశాడు.

"ఏమైంది బేటా?" ప్యాకింగ్ చూసే చాచా లోపలికి వచ్చాడు, చేతిలో గుడ్ల ట్రేతో.

"ఒక్కటి తప్పున్నా జాబితా మొత్తం వాపస్ పంపాలె చాచా. పుస్తకంల అట్లనే ఉంది."

ఆయన ట్రేలోంచి పగిలిన గుడ్డు తీసి పక్కన గిన్నెలో వేశాడు. "ఆ కితాబు రాసినాయన ఎన్నడన్న గుడ్లు పట్టిండా? ఒక్కటి పగిల్తె ట్రే మొత్తం పారేస్తమా? మస్తు సదివినవ్ పో!"

మళ్లీ కీబోర్డు ముందు కూర్చున్నాను. ఒక్కో ఆర్డరునూ విడిగా పరీక్షించి, మంచివాటిని తీసుకుని, చెల్లనిది ఎన్నోదో, ఎందుకు చెల్లదో తిరిగి చెప్పేలా మార్చాను. ఇరవై తొమ్మిది చీటీలు వచ్చాయి. వ్యాన్ కదిలింది.

సారు గడియారం చూసుకున్నారు. "ఉండనీ. కానీ చెల్లనివాళ్లకు ఫోన్ నువ్వే చెయ్యాలి."

బేకరీ ఆయనకు చేశాను. "అన్నా, ట్రేలు అంకెల వెయ్యాలె."

"రెండు అని రాసిన గద. సదువు రాదా నీకు?"

"నాకొస్తదన్నా. కంప్యూటర్‌కే రాదు."

"రానిదానికి గంత పెద్ద కొలువు ఎందుకిచ్చిండ్రు?"

వ్యాన్ వెళ్లిపోయింది కనుక ఆ ట్రేలు నా మోపెడ్ మీద నేనే తీసుకెళ్లాల్సి వచ్చింది. బేకరీ ఆయన వాటిని దింపి, బల్ల మీద పక్కపక్కన పెట్టి, వేలితో చూపించాడు.

"సూడు తమ్మీ. గివి రెండు."