ఇత్తడి రింగుతో భూపాలపల్లి దాకా

మా ఇంట్లో కుంకుమ భరిణె తెరిచి చూసే అలవాటు నాకు లేదు. ఉండి ఉంటే ఈ ప్రయాణం ఎనిమిది నెలల ముందే జరిగేది. ఆ శుక్రవారం పొద్దున మా ఇంటామె పూజ చేసుకుంటూ భరిణెలోంచి చిన్న ఇత్తడి రింగు ఒకటి తీసి నా అరచేతిలో పెట్టింది.

"గిది ఎవ్వలి ముక్కుపుల్ల శీలనో ఏమో. ఎన్నడో ఊడుస్తుంటే మంచం కింద దొరికింది. ఎవ్వలన్న అడుగుతరని దాచిపెట్టిన, ఎవ్వలడగకపాయె" అంది.

అది బియ్యపు గింజలో సగం కూడా లేదు. ముక్కుపుల్ల శీల కాదని చూడగానే తెలిసింది. అది నా పెన్సిల్‌ది. ఆ రింగు దొంగిలించావని మా ఆఫీసులో ఒక మనిషి జేబులు వెతికించినవాణ్ని నేనే.

సంగతి మొదటినుంచీ చెప్పాలి. నేను జనగామలో ఒక ఆఫీసులో మ్యాపులు గీసే పని చేస్తాను. నా దగ్గర మీట నొక్కితే లెడ్ బయటికి వచ్చే పెన్సిల్ ఒకటి ఉంది, అర మిల్లీమీటరుది. మా పనిలో గీత మందం చాలా ముఖ్యం. ఎనిమిది వేలకు ఒకటి లెక్కన గీసే మ్యాపులో అర మిల్లీమీటరు గీత అంటే నేల మీద నాలుగు మీటర్లు. చెక్కిన పెన్సిల్ గీస్తున్నకొద్దీ మొద్దుబారి, రైతు పొలంలో మరో రెండు మీటర్లు తినేస్తుంది. నా పెన్సిల్ తినదు. ఈ మాట కొత్తగా చేరిన ప్రతివాడికీ చెప్పి విసిగించేవాణ్ని. పన్నెండేళ్లు దాన్ని జేబులో పెట్టుకుని తిరిగాను గానీ లోపల ఏముందో నాకు సరిగ్గా తెలియదు.

బాలుకు తెలుసు. మానుకోట దగ్గర ఒక తండా నుంచి వచ్చి, మా మ్యాపులకు నకళ్లు గీసే ట్రేసర్ అతను. నాకంటే పదిహేనేళ్లు చిన్న. ఏ వస్తువు కనబడినా విప్పి చూసి, మళ్లీ బిగించి పెట్టేవాడు. ఒక సోమవారం పొద్దున నా పెన్సిల్ అడిగి తీసుకున్నాడు. మధ్యాహ్నం నేను గీయబోతే లెడ్ నిలవలేదు. కాగితం మీద ఆనించగానే లోపలికి జారిపోయింది. "అన్నా, ఇప్పి చూసిన. ఇండ్ల రింగు లేదు" అన్నాడు బాలు. అందులో రింగు ఉంటుందన్న సంగతే నాకు అప్పుడు తెలిసింది. లేదు అంటే తీశాడని అర్థం చేసుకున్నాను.

ఇరవై మంది ముందు అతని చేత చొక్కా జేబు, ప్యాంటు జేబులు బయటికి లాగించాను. టిఫిన్ గిన్నె మూత తీయించాను. ఏమీ దొరకలేదు. దొరకకపోయేసరికి నా కోపం ఇంకా పెరిగింది. "నాగలి పట్టే చేతులకు గిసొంటియి ఇచ్చుడు నాదే తప్పు. మీ తండా బాసల దొంగతనాన్ని ఏమంటరో చెప్పు, నేర్చుకుంట" అన్నాను. అందరూ నవ్వారు.

అవి తెలంగాణ కోసం మేమంతా ఆఫీసు ముందు టెంటు వేసుకుని రోజుకు కొందరం నిరాహార దీక్షలో కూర్చుంటున్న రోజులు. కోస్తా వైపు నుంచి వచ్చిన మా పెద్ద సారు నా యాసను వెక్కిరిస్తే ఆ టెంటులో కూర్చుని మండిపడ్డ నోరే ఇది. బాలు ఆ నెలలోనే బదిలీ పెట్టుకుని భూపాలపల్లి వెళ్లిపోయాడు.

రింగు చేతికొచ్చిన రెండో రోజు, ఆదివారం పొద్దున ఆరూ ఇరవైకి జనగామలో ప్యాసింజరు ఎక్కాను. బాలు ఆదివారాలు ఇంటికి వస్తాడని తెలుసు కాబట్టి మొదట మానుకోటకే వెళ్లాలనుకున్నాను. చొక్కా జేబులో పెన్సిల్, దాని పక్కన దూది పొట్లంలో రింగు. కాజీపేటలో బండి అరగంట ఆగింది. టీ అక్కడే తాగండి, తర్వాత వచ్చేది మంచిది కాదు.

వరంగల్‌లో ఎదురు సీట్లోకి ఒక షావుకారు వచ్చాడు. మానుకోటలో పుస్తకాలు, పెన్నుల హోల్‌సేల్ కొట్టు ఉందట. నేను పెన్సిల్ విప్పి రింగు ఎక్కించాలని తంటాలు పడుతుంటే చూసి చేయి చాపాడు.

"రింగు పోతే పెన్సిల్ పోయినట్టే సార్. పార్టులు అమ్మరు. మీది దొరికిందంటే అదృష్టం" అంటూ నా అరచేతిలోనే మొత్తం పని చూపించాడు. లెడ్‌ను పట్టుకునేది మూడుగా చీలిన ఇత్తడి నోరు. దానంతట అది తెరుచుకునే ఉంటుంది. మూసేది రింగు. మీట నొక్కితే నోరూ రింగూ కలిసి లెడ్‌ను ముందుకు తీసుకుపోతాయి. కొంత దూరం పోయాక రింగుకు లోపలి గట్టు అడ్డం వస్తుంది. నోరు మాత్రం ఇంకాస్త ముందుకు పోయి లెడ్‌ను వదిలేస్తుంది. వేలు తీస్తే స్ప్రింగు నోటిని వెనక్కి లాగుతుంది. అంతలోపు లెడ్ వెనక్కి రాకుండా కొసన చిన్న రబ్బరు ఆపుతుంది. నోరు మళ్లీ రింగులోకి దూరి బిగుసుకుంటుంది.

"రింగు ఎట్ల పోయింది సార్?" అని అడిగాడు.

"కడుగుతుంటే జారిపోయింది" అన్నాను.

ఆ మాట నా నోటి నుంచి అంత సులువుగా వస్తుందని అనుకోలేదు. నిజం అదే. ఆ సోమవారానికి ముందు రోజు, ఆదివారం, మంచం మీద కూర్చుని పెన్సిల్ విప్పి, గ్లాసు నీళ్లలో కడిగి, గుడ్డతో తుడిచి మళ్లీ బిగించాను. బాలు మీద అరుస్తున్నప్పుడు కూడా ఆ సంగతి నాకు గుర్తుంది. నా చేతుల్లో ఏదైనా పోతుందని ఒప్పుకోవడం ఇష్టం లేక దాన్ని పక్కన పెట్టాను. ఎనిమిది నెలలుగా ఎవరికీ చెప్పనిది ముక్కూ మొహం తెలియని షావుకారుకు చెప్పినందుకు సిగ్గేసి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

తొమ్మిదీ నలభైకి మానుకోటలో దిగాను. స్టేషన్ బయట తండాలకు పోయే ఆటోలు ఉంటాయి. పది మంది నిండితే గానీ కదలవు. బాలు ఇంటికి చేరేసరికి పదిన్నర అయింది. వాకిట్లో వాళ్ల అమ్మ మిరపకాయలు ఆరబోస్తోంది. బాలు రెండు వారాలుగా రాలేదని, అక్కడ పని ఎక్కువైందని చెప్పింది. నేను జనగామ ఆఫీసు నుంచి వచ్చానని అనగానే ఆమె చేతులు కడుక్కుని వచ్చి మంచం వాల్చింది. లోపలికి తిరిగి వాళ్ల భాషలో ఏదో కేక వేస్తే కోడలు నీళ్లు తెచ్చింది.

"మా బాలుకు గీతలు నేర్పిన సారువు నువ్వేనా నాయినా? నీ ముచ్చట శాన చెప్తడు. చేయి వట్టి నేర్పిండంటడు" అంది ఆమె.

గోడ మీద తండా మ్యాపు అంటించి ఉంది. ప్రతి ఇల్లూ, ప్రతి బోరూ, బర్రెల కొట్టంతో సహా. గీతలన్నీ ఒకే మందం. అంత శుభ్రంగా నేను ఈ పదేళ్లలో గీయలేదు. ఆమె జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు పెట్టి దగ్గరే కూర్చుంది. రెండు ముక్కలు తిని చేయి ఆపాను. కారం ఎక్కువైందా అని ఆమె గడ్డపెరుగు వేసింది. అప్పుడైనా నిజం చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు. లేచేటప్పుడు కొడుక్కి ఇమ్మని రొట్టెల మూట నా చేతిలో పెట్టింది.

పన్నెండుకు మానుకోట నుంచి హనుమకొండ బస్సు, రెండున్నరకు హనుమకొండ నుంచి భూపాలపల్లి బస్సు. ఆ రోజుల్లో బంద్‌ల వల్ల బస్సు ఒక పూట తిరిగితే ఒక పూట ఆగేది కాబట్టి సీటు దొరకడమే గొప్ప. పరకాల దాటాక బస్సు ఆపేశారు. తెలంగాణ కోసం రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి అక్కడే వంటావార్పు చేస్తున్నారు. ప్రయాణికులనందరినీ దింపి, తారు మీదే వరుసగా కూర్చోబెట్టి విస్తళ్లు వేశారు. నా పక్కన చిట్యాల పోవాల్సిన ఆడమనిషి కూర్చుంది. "పొద్దుందాక బస్సు కదలది సారు. తిను, పులిహోర మంచిగుంది" అంది.

ఒకాయన మైకు పట్టుకుని మాట్లాడాడు. "సినిమాల్ల మన బాస మాట్లాడేటోడు ఎవడు? జోకరు. లేకపోతే దొంగ. మన నోరు తెరిస్తే దొంగను చేసిండ్రు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టబోయి ఆగిపోయాను. ఒళ్లో బాలు వాళ్ల అమ్మ కట్టిచ్చిన మూట ఉంది. విస్తరి ముందు తల వంచుకుని కూర్చున్నాను. తిన్నది సగమే.

బస్సు ఐదున్నరకు కదిలింది. భూపాలపల్లి చేరేసరికి చీకటి పడింది కాబట్టి బస్టాండు ఎదుటి లాడ్జిలో దిగాను. గది రెండు వందలు, ఫ్యాను తిరుగుతుంది, దోమతెర ఉండదు. ఎవరైనా వెళ్తే ఓడోమాసు పట్టుకెళ్లండి.

సోమవారం పొద్దున ఏడున్నరకు బాలు ఉండే గది వెతుక్కుంటూ వెళ్లాను. తలుపు తెరిచే ఉంది. నేల మీద బోర్డు పెట్టుకుని ఏదో గీస్తున్నాడు. నన్ను చూసి లేచి చాప పరిచాడు.

"ఏందన్నా, గింత దూరం? ఇంట్ల అందరు మంచిగున్నరా?"

నేను మూట ఇచ్చాను. మీ అమ్మ పంపిందన్నాను. ఆ తర్వాత పెన్సిల్, రింగు బోర్డు మీద పెట్టాను. దారి పొడుగునా అనుకున్న మాటలన్నీ వదిలేసి, "మా ఇంట్లనే దొరికింది, బాలూ. మంచం కింద. నేను కడిగిన్నాడు పడ్డది" అన్నాను.

అతను రింగును వేలి కొసన ఎత్తి వెలుగుకు పట్టి చూశాడు. పెన్సిల్ మర విప్పి, నోటికి రింగు ఎక్కించి, స్ప్రింగు సర్ది, మళ్లీ బిగించాడు. నిమిషం కూడా పట్టలేదు. మూడుసార్లు నొక్కి కాగితం మీద గీత గీశాడు. లెడ్ జారలేదు.

"నాకెరుకనే అన్నా" అన్నాడు.

"ఏమెరుక?"

"ఆనాడు పెన్సిల్ ఇచ్చుకుంట నువ్వే అంటివి. నిన్న ఇప్పి కడిగిన, కొత్తదాని లెక్క ఉంది, జాగ్రత్త అని. నేను ఇప్పేటాలకే రింగు లేదు. ఇగ ఏడ పోతది? మీ ఇంట్లనే ఉంటది."

"మరి గప్పుడే అనకపోతివి?"

బాలు పెన్సిల్ కొసను గుడ్డతో తుడిచాడు. "పెద్దోనివి. అంత మందిల నీ ఇజ్జత తియ్యాల్నా?" అన్నాడు.

నేను కళ్లు తుడుచుకుని, "ఇది నువ్వే ఉంచుకో. నీ చేతుల ఉంటేనే దానికి విలువ" అని పెన్సిల్ అతని వైపు జరిపాను. నిజానికి ఇంటి దగ్గర బయలుదేరినప్పటి నుంచీ నా లెక్క అదే. పెన్సిల్ ఇచ్చేస్తే నా బరువు దిగిపోతుందని.

అతను దాన్ని మళ్లీ నా వైపు జరిపాడు.

"వద్దన్నా. రేపు జనగామోళ్లు ఎవ్వలన్న నా జేబుల గిది చూస్తే ఏమంటరు? ఆనాడు దొరకలే గని, తీసింది వీడేనంటరు."

తర్వాత తల్లి పంపిన రొట్టెలు విప్పి నాకూ ఒకటి పెట్టాడు. ఆ రోజు జేబులు చూపించినప్పుడు ఇరవై మంది ఉన్నారని, ఇప్పుడు ఆ గదిలో ఇద్దరమే ఉన్నామని అతను అనలేదు. అనాల్సిన అవసరం లేకపోయింది.

తొమ్మిదిన్నర బస్సుకు తిరిగి బయలుదేరాను. హనుమకొండ, అక్కడి నుంచి ఆటోలో కాజీపేట, ఒంటిగంటా నలభైకి జనగామ వైపు బండి. పక్కన ఒక అవ్వ కూర్చుంది. ఘన్‌పూర్ దాటాక నన్ను మోచేత్తో కదిలించింది.

"ఏంది నాయినా, గప్పటిసంది నీలో నువ్వే గులుగుతున్నవ్?"

"నలుగుట్ల ఒక మాట చెప్పేదుంది అవ్వా. ఎట్ల చెప్పాల్నో చూసుకుంటున్న."

"అబద్దమా?"

"కాదు, నిజమే."

"మరి గింతసేపెందుకు?" అని ఆమె కిటికీ వైపు తిరిగింది.

మూడు గంటలకు జనగామలో దిగాను. రెండు రోజుల్లో మూడు ఊళ్లు తిరిగాను. దారిలో ఎక్కడ చూసినా మన మాటకు మర్యాద కావాలని టెంట్లు, మైకులు, పాటలు. ఆ మర్యాద నేను ఇంకొకరికి ఇవ్వలేదన్న సంగతి మాత్రం ఒక రొట్టెల మూట మోస్తే గానీ నాకు బరువనిపించలేదు. ఇంటి వైపు పోయే ఆటో ఎక్కి, దారిలో మనసు మార్చుకుని ఆఫీసు దగ్గర దిగిపోయాను.

టెంటులో ఆ రోజు దీక్ష ముగిసే వేళ అయింది. నిమ్మరసం గ్లాసులు సర్దుతున్నారు. ఆనాడు నవ్వినవాళ్లు దాదాపు అందరూ అక్కడే ఉన్నారు. నేను చెప్పులు విడిచి మధ్యకు వెళ్లి చొక్కా జేబు, ప్యాంటు జేబులు బయటికి లాగాను. చేతిరుమాలు, బస్సు టికెట్లు, లాడ్జి రసీదు జంపఖానా మీద పెట్టాను. చివరగా పెన్సిల్ పెట్టాను. ఎవరో నవ్వబోయారు.

"బాలు ఏం తియ్యలే. రింగు మా ఇంట్ల ఉండె. పోగొట్టింది నేను. గది ఎరుకుండే ఆనాడు మీ ముంగట ఆని జేబులు ఇప్పిచ్చిన" అన్నాను.

గ్లాసులు సర్దుతున్న చేతులు ఆగిపోయాయి. వెనక నుంచి మా అటెండరు అడిగాడు.

"మరి గీ సంగతి బాలుకు ఎరుకేనా?"

"ఆనికి ఆనాడే ఎరుక" అన్నాను.