పోయినేడు వచ్చిన తెగులు

మేం వ్యవసాయ డిగ్రీ వెలగబెట్టిన ఆ నాలుగేళ్లూ చదువనేది పుస్తకంతోనూ పొలంతోనూ జరగలేదు, పాత ప్రశ్నపత్రాలతో జరిగింది. మా సీనియర్ ఒకడుండేవాడు, మా రాయచూరు వాడే, జిరాక్సన్న అనేవాళ్లం. పరీక్షల ముందు పది పేజీల నోట్సు పంచేవాడు. తప్పక వచ్చే ప్రశ్నకు మూడు చుక్కలు, రాని పాఠానికి అడ్డగీత. నాకొకసారి అనుమానం వచ్చి, "అన్నా, వరి అగ్గితెగులు కొట్టేశావేంటి?" అన్నాను. "పోయినేడే వచ్చింది గదరా! మల్ల గదే ఎట్లిస్తరు? గిట్ల అన్నీ సదువుకుంట కూసుంటే పాసయ్యేదెప్పుడు? ఫికర్ చెయ్యకు" అన్నాడు. (వరి రైతు కొడుకుని, నాకా మాట సబబుగానే తోచింది. చూడండి నా తెలివి!)

చదువుకోమని సెలవులిస్తే రాయచూరు జిల్లా కవితాళ దగ్గర మా క్యాంపుకి వెళ్లాను. (క్యాంపంటే, తుంగభద్ర కాలవ నీళ్ల కోసం మా తాతలు కోస్తా నుంచి వచ్చి కట్టుకున్న ఊరు.) నాన్న చేను గట్టు మీదే ఆపేశాడు. "ఒరే అబ్బాయ్, ఆకు పసుపు తిరుగుతోంది, మచ్చలు కూడా పడుతున్నాయి. కాస్త చూసి చెప్పరా. మందుల కొట్టువాడి మాట కంటే నీ మాట నయం." నేను చేలో కాలు పెట్టలేదు. చేతిలో నోట్సుంది. అందులో మూడు చుక్కలతో నత్రజని లోపం ఉంది, ఆకులు పసుపు తిరుగుతాయనీ ఉంది. ఇంకేం! "యూరియా వెయ్యి నాన్నా" అన్నాను. "మరి మచ్చలో?" అన్నాడు. "అబ్బ, అవి పట్టించుకోకు" అని విసుక్కున్నాను. నాన్న మర్నాడే చల్లించాడు.

ఆ మచ్చలు అగ్గితెగులువి. అగ్గితెగులు పట్టిన చేనుకి యూరియా వేస్తే తెగులు రెచ్చిపోతుంది. అది మేం గీత కొట్టిన పాఠంలోని సంగతి. పరీక్షలైపోయి వచ్చేసరికి చేనంతా మాడిపోయి ఉంది. పక్క చేను బాబాయి అడుగుతున్నాడు: "మీవాడు చదివేది ఇదే కదన్నయ్యా, చూపించలేదా?" నాన్న నావైపు చూడకుండా, "వాడికి పరీక్షలు కదరా, నేనే అడగలేదు. నా తొందరకొద్దీ చల్లాను" అన్నాడు. పక్కనే నిలబడి కూడా నేను నోరు విప్పలేదు. ఛీ, నా బతుకు!

ఫలితాలొచ్చాయి. నత్రజని లోపమే అడిగారు, ఆ పేపర్లో క్లాసుకి ఫస్టు నేనే. ఫోన్లో చెబితే నాన్న, "పోనీలేరా, నీ చదువన్నా పండింది" అన్నాడు. దెప్పాడేమోనని చాలాకాలం ఆ మాటని తిరగేసి మరగేసి చూసుకున్నాను. లేదు, సంతోషంగానే అన్నాడు. ఇప్పుడు నా ఉద్యోగమే రైతుల చేలు చూసి సలహా చెప్పడం. మోకాలి లోతు బురదలో దిగి, ఆకు తెంపి చూసుకుంటే గానీ పెదవి విప్పను. ఆనాటి ఫస్టు ర్యాంకు పెద్దమనిషిని తలుచుకుంటే నవ్వొస్తుంది. కానీ ఆ యూరియా నేను వేయించిందేనని బాబాయికి మాత్రం ఈ రోజుకీ చెప్పలేదు.