పందిరి విప్పేదెవరు

“నీ తోటని మూటకట్టుకుని పోతారా మామ్మా వాళ్ళు?”

“పోరు. పోకుండా ఉండిపోతారనే నా భయం.”

“శనాదివారాలు పాటలు పాడుకుని వెళ్ళిపోయేవాళ్ళు ఎందుకుండిపోతారు బాబూ!”

“పాటలు పాడుకుంటామని వచ్చినవాళ్ళేనే ఉండిపోయేది. అయినా వాళ్ళకి మాటివ్వడానికి తోట నీదా?”

“మాటివ్వలేదు. మా మామ్మని అడగాలన్నాను. అందుకే ఇవాళ ఇంటికొస్తున్నారు.”

“ఎంతమంది?”

“ముగ్గురు.”

“పంచదార తక్కువేస్తే తాగుతారా?”

“నువ్వే అడుగు!”

పోయిన ఆదివారం మధ్యాహ్నం, చర్చి నుంచి వచ్చి కట్టుకున్న చీరైనా మార్చుకోకముందే, నరసాపురం పక్కనున్న మా ఇంటి వసారాలో నాకూ మా మనవరాలికీ జరిగిన మాటలివి. ఈ పిల్ల మా పెద్దబ్బాయి కూతురు. భీమవరంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ, అక్కడే హాస్టల్లో ఉండి, శనివారం సాయంత్రానికి ఇంటికొస్తుంది. తనే మాటలు రాసుకుని, తనే బాణీ కట్టుకుని గిటారు మీద పాడుతుంది; అవి సినిమా పాటలూ కావు, దేవుడి పాటలూ కావు. ఏ కంపెనీ చేతి కిందా లేకుండా ఇలా సొంతంగా పాడుకునేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారట, వాళ్ళంతా ఏడాదికోసారి ఒకచోట చేరి పండగలా చేసుకుంటారట, అది వినడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారట. పోయినేడు రాజమండ్రి అవతల ఒక మామిడితోటలో చేసుకున్నారు. ఆ తోట ఇప్పుడు ఇళ్ళ స్థలాలైపోయింది కనుక, ఈసారికి ఏటిగట్టు దిగువనున్న మా కొబ్బరితోట అడుగుతున్నారు.

అంతవరకూ చెబితే నేను సరే, ఆలోచిద్దాం అనేదాన్నేమో. ఆ పిల్ల ఇంకో మాట కూడా చెప్పింది. కొత్త పండగ దగ్గరపడగానే, పోయినేడు వచ్చినవాళ్ళు కొందరు కూర్చుని, అక్కడ తమకేం జరిగిందో ఒకరి తరవాత ఒకరు చెప్పుకోవడం వాళ్ళ ఆనవాయితీ అట. ఈసారి అది మా వసారాలో చేసుకుంటే నేను కూడా వింటాను కదా అని దాని ఎత్తు. ఆ మాట ఎటు దారితీస్తుందో నాకు తెలుసు. నా ఈడువాళ్ళకి, అందులోనూ ఈ డెల్టాలో చర్చి నీడన పెరిగినవాళ్ళకి, విప్పి చెప్పక్కరలేదు. ఊరుకాని ఊరు నుంచి మనుషులు రావడం, తోటలో పందిరి వెయ్యడం, డ్రమ్ములూ గిటార్లూ, ఆ మీదట ఒక్కొక్కరూ లేచి నాకిలా జరిగిందని చెప్పి కళ్ళు తుడుచుకోవడం. దీన్నేమంటారు? సాక్ష్యాల కూటం అంటారు. నేనది ఒకసారి చూశాను, అది మా ఇంట్లో ఎవరిని పట్టుకుపోయిందో కూడా చూశాను.

అప్పటికి నేను ఈ ఇంటికి కొత్తకోడల్ని. చదువు అయిదో తరగతితో ఆగిపోయినా లేసు అల్లిక చేతిలో ఉండటం వల్ల, సాయంత్రమయ్యేసరికి నేనూ మా ఆడపడుచూ వసారాలో చెరో దారపు ఉండ పట్టుకుని కూర్చునేవాళ్ళం. మిగిలిన దారపు ముక్కలు పారెయ్యకుండా ముడేసి దాచడం నాకావిడే నేర్పింది. ఇప్పటికీ నా ఇంట్లో దారం ముక్క చీపురు కిందకి పోదు. చేతులు అల్లుతుంటే నోరు ఊరుకోదు కదా, పాడుకునేవాళ్ళం. ఆవిడది మొదటి గొంతు, నాది రెండో గొంతు. ఆదివారం చర్చిలో పాటల బల్ల మీద కూడా పక్కపక్కనే. ఆవిడ పైన వెళ్తుంటే నేను కింద నుంచి పట్టుకుని నడిచేదాన్ని, అచ్చం నిచ్చెన ఎక్కేవాళ్ళకి కింద పట్టుకున్నట్టు.

ఆ రోజుల్లోనే ఒక బోధకుడు భార్యతో, మెళ్ళో వేసుకుని వాయించే అకార్డియన్ పెట్టెతో వచ్చి, కాలవ గట్టునున్న మా పొలం మూలలో కొద్దిరోజులు కూటాలు పెట్టుకుంటామని మా మామగారిని అడిగాడు. మా మామగారు ఎవరికీ కాదని చెప్పలేని మనిషి. కొబ్బరాకుల పందిరి లేచింది. పాటలు బాగున్నాయి, లేదని అబద్ధం చెప్పను. ఆ అకార్డియన్ ఊపిరి తీసినట్టల్లా మాకు కూడా ఊపిరి తీసుకోవాలనిపించేది. పాటయ్యాక సాక్ష్యాలు. ఒకడు తాగుడు మానేశానన్నాడు, ఒకావిడ చచ్చిపోదామని బయల్దేరి పాట విని ఆగిపోయానంది. మా ఆడపడుచు కొంగు తడిసిపోయింది.

కూటాలు అయిపోయాయి. గుంజలు మాత్రం ఉండిపోయాయి. “వచ్చే నెల మళ్ళీ పెడతాం కదండీ, పీకడం దేనికి?” అన్నాడాయన, ఎంతో మర్యాదగా. తరవాత గుంజలకి తాటాకు దడి వచ్చింది, దడికి మట్టి మెత్తారు, కొన్నాళ్ళకి పైన రేకులు దిగాయి, ఒకరోజు పొద్దున్న చూస్తే గోడ మీద వాళ్ళ సంఘం పేరు రాసి ఉంది. మా అత్తగారు మామగారిని నిలదీస్తే ఆయన తల గోక్కుని, “దేవుణ్ణి ఖాళీ చెయ్యమని ఎలా అంటామే?” అన్నారు. ఆ మూల అలా పోయింది. భూమి పోతే పోయింది. మా ఆడపడుచు అటే వెళ్ళిపోయింది. మళ్ళీ మా బల్ల మీద కూర్చోలేదు, పెళ్ళి కూడా అక్కడే. ఎదురుపడితే పలకరించేది, పండక్కి పిండివంటలు పంపేది, పాట మాత్రం నాతో మళ్ళీ పాడలేదు. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది.

మా మనవరాలు కూడా ఈ మధ్య ఆదివారాలు పాటల బల్ల మీద కూర్చోవడం మానేసింది. వెనక బెంచీలో కూర్చుని ఫోన్ చూసుకుంటోంది. ఇక చెప్పండి, తోట అడిగితే నేను భయపడాల్సింది తోట గురించేనా?

వాళ్ళు వచ్చారు. ఒకతను భీమవరంలో ఐస్ ఫ్యాక్టరీలో పనిచేసే అబ్బాయి, ఒకావిడ తణుకులో నర్సు, మూడో ఆయన గడ్డంతో, నడివయసు దాటినవాడు, ఆ పండగ నడిపించే పెద్దల్లో ఒకడు. చెప్పులు బయట విప్పారు. చాప మీద కూర్చోమంటే కూర్చున్నారు. చిన్న గ్లాసులతో టీ ఇచ్చి, నేను కుర్చీ గుమ్మానికి అడ్డంగా వేసుకుని, అల్లిక చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

ఐస్ ఫ్యాక్టరీ అబ్బాయి మొదలుపెట్టాడు. “రోజంతా ఆ మిషన్ల మోతలో ఉంటానండి. ఇంటికెళ్ళినా చెవుల్లో అదే. పోయినేడు తోటలో కరెంటు పోయిందండి. ఒకాయన మైకు లేకుండానే పాడారు. అంతమంది జనం ఊపిరి బిగబట్టి విన్నారు. నాకు చెవులున్నాయని ఆరోజే తెలిసిందండి మామ్మగారూ.”

తరవాత నర్సు. తండ్రి పోయినప్పుడు డ్యూటీ మీద ఉండి ఏడవలేకపోయిందట. ఆ తోటలో ఎవరో పడవ నడిపేవాళ్ళ బాణీలో పాడుతుంటే, పక్కనున్న ముక్కూమొహం తెలియనావిడ భుజం మీద తలపెట్టి ఏడ్చిందట. చెబుతూ మళ్ళీ కళ్ళొత్తుకుంది. నాకు అనుమానం గట్టిపడింది. ముందు బాధ, తరవాత పాట, ఆ తరవాత కన్నీళ్ళు. వరస ఏమీ మారలేదు. ఇక డబ్బులు వెయ్యమని కానుక సంచీ రావాలి. ఎవరి చంకలో ఉందా అని ఒక్కొక్కరినీ చూశాను.

“మీ బోధకుడు ఎవరండీ?” అన్నాను గడ్డం ఆయనతో.

ఆయన తెల్లబోయి, “బోధకుడా? మాకెవరూ లేరండి. అన్ని మతాలవాళ్ళమూ ఉన్నాం. ఏ మతమూ అక్కర్లేదనేవాళ్ళు కూడా ఉన్నారు,” అన్నాడు.

“పెద్దదిక్కు లేకుండా ఇంతమంది ఎందుకు చేరతారు?”

“పాటలకేనండి.”

“పాటలకే అని మాకు ఇదివరకు కూడా చెప్పారు.”

“మామ్మా!” అంది మా మనవరాలు, ఎర్రబడిపోయి.

“నువ్వుండవే. ఒక్కటి చెప్పండి. పందిరి మీరు వేస్తారు, సరే. విప్పేదెవరు?”

జవాబు నర్సు చెప్పింది. “మేమేనండి. వచ్చినవాళ్ళమంతా. ఆఖరి పాటయ్యాక ఎవరికీ లేవబుద్ధి కాదండి, అప్పుడు ఈయన వెళ్ళి మొదటి గుంజ పీకుతారు. ఇక తప్పదని అందరం లేచి తలో చెయ్యీ వేస్తాం. గొయ్యి కూడా కప్పేసి తొక్కుతామండి. పోయినేడు ఇంకోసారి చూసుకుందామని మర్నాడు వెళ్తే, అక్కడ మామిడిచెట్లు తప్ప ఏమీ లేదండి. బస్టాండులో కూర్చుని మళ్ళీ ఏడ్చాను.”

ఏదో దొరికిందని ఏడ్చినవాళ్ళ సాక్ష్యాలు నేను చాలా విన్నాను. ఏమీ మిగల్లేదని ఏడ్చిన సాక్ష్యం వినడం అదే మొదలు.

“నీ వంతు,” అన్నాడు ఐస్ ఫ్యాక్టరీ అబ్బాయి మా మనవరాలితో. అది నా వైపు చూడకుండా, చాప అంచు గిల్లుతూ చెప్పింది. “మా మామ్మ లేసు అల్లేటప్పుడు సగం పాటే పాడుతుంది. కింది సగం. పైసగం ఎవరిదో చిన్నప్పటి నుంచీ అడగాలనుకునేదాన్ని, అడగలేదు. ఆ కింది సగం మీదే మాటలు పెట్టి పోయినేడు పాడాను. పాడుతుంటే జనంలోంచి ఎవరో పైసగం అందుకున్నారు, ఎవరూ నేర్పకుండానే. నేను ఆపేసి విన్నాను.”

సూది నా చేతిలో ఆగిపోయింది. తోట కోసం నన్ను మెత్తబరచడానికి కల్పించి చెబుతోందా అని దాని మొహంలోకి చాలాసేపు చూశాను. ఆ ముగ్గురి మొహాలూ చూశాను. అవునంటూ తలూపుతున్నారు, కానీ తలూపడం ఎవరికైనా వస్తుంది. అవునని గానీ కాదని గానీ చెప్పకుండా వాళ్ళని పంపేశాను. వెళ్ళాక వసారా అంతా కలియతిరిగాను. చాప దులిపి గోడకి ఆనించి ఉంది, గ్లాసులు కడిగి బోర్లించి ఉన్నాయి. ఒక కాగితం ముక్క అయినా వదిలి వెళ్ళలేదు.

మా కాలంలో వచ్చినవాళ్ళు పాతుకుపోతారని భయపడేవాళ్ళం. ఒక గుంజ పాతితే ఒక ఊరు తయారయ్యేది, ఒకరు పాడితే పదేళ్ళపాటు అదే బల్ల మీద అదే చోట కూర్చుని పాడేవారు, వాళ్ళు లేస్తే ఆ చోటు ఖాళీగా కనిపించేది. ఇప్పటివాళ్ళు ఎంత దూరమైనా వచ్చి, గుండెలో ఉన్నదంతా ఒలకబోసుకుని, భుజమిచ్చిన మనిషి పేరైనా కనుక్కోకుండా, గొయ్యి కప్పేసి వెళ్ళిపోతున్నారు. ఇది మంచిదో కాదో నాకింకా తేలలేదు. ఉండిపోయేవాళ్ళ మీద నాకున్న అనుమానం, నిలవనివాళ్ళ మీద కూడా ఉంది. కాకపోతే మా పాటల బల్ల మీద ఇప్పుడు మిగిలినవాళ్ళం నలుగురం ముసలివాళ్ళం, అందులో పైసగం అందుకోగలిగినవాళ్ళు ఒక్కరూ లేరు.

మర్నాడు పొద్దున్నే కొబ్బరికాయలు దింపే మనిషికి కబురు పెట్టాను. అతను తోటకి వచ్చి తలెత్తి చూసి, “ఇంకా ముదరలేదు కదమ్మగారూ, నష్టపోతారు, ఆగితే నయం,” అన్నాడు. కింద మనుషులు కూర్చుంటారు, అన్ని చెట్లూ దించెయ్యమన్నాను. అతను తాడు బిగించుకుని మొదటి చెట్టు ఎక్కాడు. భీమవరం బస్సుకి తయారైన మా మనవరాలు సంచీ భుజాన వేసుకుని గట్టు మీద నుంచి చూసి, పరుగున దిగి వచ్చి, నా చెయ్యి పట్టుకుని చెట్టు కింద నుంచి పక్కకి లాగింది.