పెళ్ళి సీన్లో పెట్టిన బొట్టు

మా ఆయన పోయిన ఏడో నెలలో మా అత్తయ్య ఊరి నుంచి వచ్చింది. చేతిలో ఒక సంచీ, సంచీలో మనవరాలికి రెండు గౌన్లు. అవి మా అమ్మాయికి కొలతకి పొట్టిగా ఉన్నాయి. వచ్చిన మూడో రోజు అన్నం తింటూ చెప్పింది, బళ్ళు తెరిచేలోగా నేను మనిషిని కాకపోతే పిల్లని తనతో తీసుకుపోతానని.

"ఏడవ్వు, నవ్వవు. నీకు చెప్పినా ఒకటే, ఆ గోడకి చెప్పినా ఒకటే. నీ దగ్గరుంటే ఇదీ గోడైపోతుంది" అంది.

నాకు కోపం రాలేదు. ఆమె అన్నది నిజమే. ఆయన పచ్చకామెర్లతో పోయిన రోజు కూడా నేను ఏడవలేదు. కావాలని బిగబట్టుకున్నది కాదు. ఏడుపు వస్తుందేమోనని ఎదురు చూశాను, రాలేదు. ఆ తర్వాత నవ్వు కూడా రావడం మానేసింది. అమ్మాయికి అప్పుడు ఆరేళ్ళు. బడి నుంచి వచ్చి ఏదో చెప్పబోయి, నా మొహం చూసి ఆగిపోయేది. అది నేను చూస్తూనే ఉండేదాన్ని. చూసి ఏం చేయాలో తెలిసేది కాదు.

అవి ఎనభైల చివరి రోజులు. మేము కృష్ణానగర్‌లో ఒక గదిలో ఉండేవాళ్ళం. ఆయన సినిమా సెట్లకి వడ్రంగి. ఆయన పోయాక, ఆయన్ని ఎరిగిన ఏజెంటు ఒకతను నన్ను గుంపు సీన్లకి పిలవడం మొదలుపెట్టాడు. సంతలో నడవమంటే నడిచేదాన్ని, గుళ్ళో దణ్ణం పెట్టమంటే పెట్టేదాన్ని. గుంపులో మొహం ఎలా ఉన్నా ఎవరూ పట్టించుకోరు కాబట్టి ఆ పని నాకు సరిపోయింది.

మేము అద్దెకున్న ఇంటావిడ ఇక్కడి మనిషి. ఒకరోజు తలుపు దగ్గర నిలబడి, "ఏంది బిడ్డా గిట్ల కూసున్నవ్, పొద్దు గూకింది, జర పొయ్యి ముట్టియ్యి" అంది. అప్పటికి నేను ఎంతసేపటి నుంచి అలా కూర్చున్నానో నాకే తెలియదు. శనివారం తనతో డాక్టరమ్మ దగ్గరికి రమ్మంది. నేను తల అడ్డంగా ఊపాను. "ఎర్రగడ్డ పిచ్చి దవఖానకు గాదులే, ఫికర్ జెయ్యకు" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది.

జూబ్లీహిల్స్‌లో ఒక పెద్ద ఇంటి ముందు గదిలో ఆ డాక్టరమ్మ శనివారాలు మాలాంటి వాళ్ళని చూసేది. నిద్రకి మాత్రలు ఇచ్చింది. ఇచ్చాక ఒక పని చెప్పింది. రోజూ మనసుకి కాస్త హాయిగా అనిపించింది ఒక్కటి వెతుక్కుని, రాసి పెట్టుకుని, వారం వారం తనకి చెప్పాలట. పెద్దదేం అక్కర్లేదట. నాకు రాయడం రాదండీ అన్నాను. అక్షరాలు నేర్చుకున్నది చాలా ఏళ్ళ తర్వాత, అమ్మాయి పెళ్ళీడుకి వచ్చాక.

"అయితే కొంగుకి ముడి వేసుకో. శనివారం ఒక్కొక్క ముడీ విప్పుతూ చెప్పు" అంది డాక్టరమ్మ.

వినడానికి తేలికగానే ఉంది. మొదటి రోజు పంపులో నీళ్ళు తొందరగా వచ్చాయి. ముడి వేశాను. నీళ్ళు పట్టుకుంటూ ఆలోచిస్తే అది హాయా, లేక రోజూ పడే బాధ ఆ రోజు తప్పిందా అనేది తేలలేదు. తప్పడం హాయి కిందికి వస్తుందా? ఎవరిని అడగాలి? ముడి అలాగే ఉంచాను. రెండో రోజు మా సందు చివర వడ్రంగి షాపు ముందు నుంచి వెళ్తుంటే టేకు చెక్క చిత్రిక పట్టిన వాసన వచ్చింది. కాళ్ళు ఆగిపోయాయి. కడుపు నిండినట్టు అనిపించింది. ముడి వేశాను. నాలుగడుగులు వేశాక ఆ వాసన ఎవరిదో గుర్తొచ్చింది. విప్పేశాను. ఆ వారమంతా ఇదే వరస. వెయ్యడం, విప్పడం. కొంగు నలిగిపోయిందని అత్తయ్య తిట్టింది. డాక్టరు చెప్పిందంటే, "మందులిమ్మంటే ముడులిచ్చిందా" అంది.

మరుసటి వారం ఏజెంటు పెళ్ళి సీనుకి పిలిచాడు. మూడు రోజుల పని. ఫిల్మ్‌నగర్‌లో గుట్టల పక్కన ఖాళీ స్థలంలో పెద్ద పందిరి సెట్టు వేశారు. ముప్పై మంది ముత్తయిదువలు కావాలన్నారు. ఆ ముప్పై మందిలో నిజంగా మొగుడున్నవాళ్ళు ఎంతమందో ఎవరూ అడగరు. సినిమా కంపెనీ పట్టుచీర కట్టారు, ఆకుపచ్చ గాజులు తొడిగారు, తలలో పూలు పెట్టారు. మేకప్ మాన్ వరసగా ఒక్కొక్కరి గడ్డం ఎత్తి, ఎర్ర తిలకంతో గుండ్రంగా బొట్టు పెట్టుకుంటూ పోయాడు. నా మొహం అతను చూశాడని కూడా అనుకోను. నా పక్కావిడ అద్దం ఇచ్చింది.

అద్దంలో నన్ను చూసుకున్నాను. ఏమనిపించిందో ఇన్నేళ్ళకి రాయబోతే కూడా సరైన మాట దొరకడం లేదు. దూరపు చుట్టాన్ని చాలా కాలానికి చూసినట్టుంది. చూడగానే సంతోషం, వెంటనే ఈవిడ ఇక్కడికెందుకు వచ్చిందని భయం. చెయ్యి దానంతట అదే కొంగు దగ్గరికి పోయింది. ముడి వేశాను.

ఆ రోజంతా పెళ్ళికూతురి మీద అక్షింతలు వేశాం. విస్తళ్ళలో లడ్లు వడ్డించి, షాటు అయ్యేలోపు మేము తినేస్తామని వాటి మీద కిరసనాయిలు చల్లారు. ఆ వాసన మధ్యలో కూర్చుని నవ్వమన్నారు. నవ్వాను. చెప్పగానే నవ్వు వచ్చింది. ఇంకో ముడి వేశాను. రెండో రోజు మరొకటి.

రెండో రోజు సాయంత్రం చీరలు మడతపెడుతూ కాస్ట్యూమర్ పట్టుచీర కొంగు పైకెత్తి, ఇది ఎవరు కట్టిన చీర, ఈ ముడులేంటి, ఎల్లుండి ఇది కెమెరా ముందుకి పోవాలని తెలియదా అని అరిచాడు. అప్పటికి నేను నా నేతచీరలోకి మారిపోయాను. నేనేనని చెప్పే ధైర్యం లేక చూస్తూ నిలబడ్డాను. అతను విసుక్కుంటూ నా మూడు ముడులూ గోళ్ళతో విప్పి, ఇస్త్రీకి పడేశాడు.

శనివారం షూటింగుకి సెలవు. డాక్టరమ్మ కొంగు చూపించమంది. ఒక్క ముడీ లేదు.

"ఏం దొరకలేదా?"

"మూడు దొరికాయండీ. కంపెనీ చీరలో పోయాయి."

ఆమెకి అర్థం కాలేదు. అప్పుడు మొత్తం చెప్పాల్సి వచ్చింది. పెళ్ళి నిజం కాదని, పెళ్ళికూతురికి సినిమాల్లో ఇది నాలుగో పెళ్ళని, నవ్వమంటే నవ్వానని. బొట్టు సంగతి చివర చెప్పాను, తల వంచుకుని. తిడుతుందనుకున్నాను. ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. వేషంలో కలిగిన హాయి నాదేనా, కంపెనీదా అని అడిగాను.

"నాకూ తెలీదమ్మా. చదువుకున్నదాంట్లో ఇది లేదు. ఈసారి నీ చీరలో వేసుకురా, అప్పుడు చూద్దాం" అంది.

అందుకే మూడో రోజు ప్యాకప్ చెప్పగానే గబగబా నా చీరలోకి మారి, మరిచిపోకముందే ముడులు వేసుకోవాలని ఒక మూల కూర్చున్నాను. అద్దానికి ఒకటి. పక్కావిడ నా జడలో పూలు సర్దినందుకు ఒకటి. నవ్వు దగ్గర మళ్ళీ చిక్కొచ్చింది. వాళ్ళు నవ్వమన్నప్పుడు నవ్వింది లెక్కా, షాటు అయిపోయాక కూడా కాసేపు మిగిలిపోయిన నవ్వు లెక్కా? రెంటికీ వేస్తే దొంగ ముడి అవుతుందేమో. అదే ఆలోచించుకుంటూ గాజులు తీసి ఇచ్చేశాను, పూలు ఇచ్చేశాను, చెక్‌పోస్టు దాకా నడిచి కిందికి దిగి మా సందులోకి వచ్చాను.

గుమ్మంలో అమ్మాయి ముందు చూసింది. "అమ్మా, బొట్టు బాగుంది" అంది.

అత్తయ్య లేచి నిలబడింది. ఆమె నుదురు ఇరవై ఏళ్ళుగా ఖాళీగా ఉంది. నా చెయ్యి నుదుటి మీదికి పోయింది, వేలికి ఎరుపు అంటింది. అత్తయ్య చెంబుతో నీళ్ళు తెచ్చి చేతికిచ్చింది. గుమ్మం బయటే కడుక్కున్నాను.

"పొట్ట కోసం వేసే వేషమని నాకూ తెలుసు. వేషం అక్కడే విప్పి రావాలి. అది పెట్టుకుని మావాడి గడప తొక్కుతావా?"

"మర్చిపోయాను అత్తయ్యా."

"ఎలా మర్చిపోతావే? గాజులు మర్చిపోలేదు, పూలు మర్చిపోలేదు."

నిజంగా మర్చిపోయానా? ముడుల ధ్యాసలో పడ్డాను, అది నిజం. కానీ దారిలో ఒక దుకాణం అద్దం ముందు నుంచి వచ్చాను. అందులో నన్ను చూసుకోలేదని ఒట్టు పెట్టలేను.

ఆ రాత్రి అత్తయ్య అన్నం తినలేదు. పొద్దున్నే లేచి సంచీ సర్దుతుందనుకున్నాను. సర్దలేదు. కాఫీ నా ముందు పెట్టి, "పెళ్ళిళ్ళకి పోకు. చావులకి పో. అక్కడైనా ఏడుస్తావేమో" అంది. బళ్ళు తెరవడానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి. ఈ లోపల నేను ఏడవకపోతే పిల్ల ఆమె వెంట వెళ్తుంది. అది ఆమె మళ్ళీ చెప్పలేదు, చెప్పక్కర్లేదు.

ఏజెంటుని అడిగితే వింతగా చూశాడు. "ఏందమ్మా, అందరు పెండ్లి సీన్లకు ఉర్కుతరు, నువ్వు సావు అడుగుతున్నవ్" అన్నాడు. కానీ వారంలోపే పిలిచాడు.

ఒక పాత బంగళా ముందు మిట్టమధ్యాహ్నం ఎండలో పాడె పెట్టారు. పాడె మీద ఒక పెద్దాయన, మాలాంటి జూనియర్ ఆర్టిస్టే. ముక్కులో దూది, మెడలో బంతిపూల దండలు. మేము పదిహేను మంది చుట్టూ కూర్చుని గుండెలు బాదుకోవాలి. కంట్లో వేసుకోవడానికి గ్లిజరిన్ ఇచ్చారు. నేను వద్దన్నాను. దానంతట అది వస్తే అత్తయ్యకి చెప్పుకోవచ్చు కదా అని.

మొదటి షాటులో రాలేదు. రెండో షాటులో కూడా రాలేదు. మా ఆయన మొహం గుర్తు తెచ్చుకున్నాను, ఆసుపత్రి మంచం గుర్తు తెచ్చుకున్నాను. కళ్ళు ఎండలో మండాయి తప్ప తడవలేదు. మూడో షాటుకి కెమెరా అటు నుంచి ఇటు మార్చేసరికి గంట పట్టింది. ఆ గంటలో పాడె మీది పెద్దాయన నిద్రపోయాడు.

షాటు మొదలైంది. మేము బావురుమన్నాం. నడుమ ఎక్కడి నుంచో రంపంతో కొయ్య కోస్తున్నట్టు చప్పుడు. శవం గురక పెడుతోంది. ఆపుతారనుకున్నాం. అసిస్టెంటు డైరెక్టరు చెయ్యి ఊపుతూ, "కానివ్వండి, కానివ్వండి, మాటలు తర్వాత డబ్బింగులో పోస్తారు" అన్నాడు. శవం కడుపు కదలకపోతే చాలట. నా పక్కన గుండెలు బాదుకుంటున్న ఆవిడ, ఏడుపు రాగంలోనే, "ఓ నాయనా, పక్కకి తిరిగి పడుకో నాయనా" అంది.

కొంగు నోట్లో కుక్కుకున్నాను. భుజాలు ఎగిరిపడ్డాయి. నవ్వు ఎక్కడుందో ఇన్ని నెలలు, ఒక్కసారి తోసుకొచ్చింది. నేల మీదికి ఒంగిపోయాను. కళ్ళల్లోంచి నీళ్ళు. ఆ నీళ్ళు ఎంతదాకా నవ్వువో, ఎక్కడ్నుంచి ఏడుపువో నేను చెప్పలేను. గురక ఆగిపోయింది, షాటు అయిపోయింది, చుట్టూ ఉన్నవాళ్ళు లేచారు, నేను మాత్రం ఆపుకోలేకపోయాను. ఎవరో నీళ్ళిచ్చారు. "ఈవిడ బాగా ఏడుస్తోంది, వచ్చే షాటుకి ముందుకి కూర్చోబెట్టు" అని డైరెక్టరు అన్నాడట. ఆ రోజు కొంగుకి ముడి వెయ్యలేదు. దేనికి వెయ్యాలో తెలియలేదు.

ఇంటికి వెళ్ళేసరికి అత్తయ్య చేటలో బియ్యం చెరుగుతోంది. నా కళ్ళు చూసి, "ఏడ్చావా?" అని అడిగింది.

ఏడ్చానంటే సరిపోయేది. ఆమె అడిగింది అదే. కానీ అబద్ధం చెబుతున్నట్టు అనిపించి, జరిగింది జరిగినట్టు చెప్పాను. అమ్మాయి దగ్గరికి జరిగి, శవం గురక ఎలా పెట్టిందో చేసి చూపించమంది. చేశాను. మళ్ళీ చెయ్యమంది. మూడోసారికి అది చాప మీద దొర్లుతూ నవ్వుతోంది, నేనూ నవ్వుతున్నాను. అత్తయ్య చేట పక్కన పెట్టి గోడ వైపు తిరిగి కూర్చుంది. వీపు కదులుతోంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు కనిపించలేదు. కాసేపయ్యాక అటే తిరిగి, "వాడూ అంతే. చిన్నప్పుడు వాడి గురకకి పిల్లి లేచిపోయేది" అంది.

నేను ఏడ్చినట్టా, ఏడవనట్టా, ఆమె ఏం లెక్క వేసుకుందో తెలియదు. నాలుగు రోజుల తర్వాత సంచీ సర్దుకుంది. పొట్టి గౌన్లు మాత్రం, కుచ్చులు కుట్టి పంపుతానని వెనక్కి పెట్టుకుంది. అమ్మాయి బట్టలు సర్దలేదు. బస్సు కదిలే ముందు కిటికీలోంచి నన్ను దగ్గరికి రమ్మంది.

"పెళ్ళి సీన్లకీ పో. తుడుచుకుని రా ఇంటికి" అంది.

అది ఒప్పుకోవడమో, హద్దు గియ్యడమో ఇప్పటికీ నాకు తేలలేదు. అడుగుదామనుకుంటూనే ఉన్నాను, ఆమె ఉన్నన్నాళ్ళూ అడగలేదు. డాక్టరమ్మకి చెబితే ఆమె కూడా తేల్చలేదు, అమ్మాయి నా దగ్గరే ఉందా అని మాత్రం అడిగింది. ఉందండీ అన్నాను.

ఆ నెలాఖరులో మళ్ళీ పెళ్ళి సీను పడింది. ప్యాకప్ అయ్యాక తడిగుడ్డ పట్టుకుని అద్దం ముందు నిలబడ్డాను. ఇంటికి తుడుచుకుని రమ్మంది గానీ, ఎక్కడ తుడుచుకోవాలో చెప్పలేదు. గుడ్డ సంచీలో పెట్టుకుని బయటికి వచ్చాను. గుట్టల మీంచి గాలి వస్తోంది. పెద్ద ఇళ్ళ గేట్ల ముందు డ్రైవర్లు కార్లు కడుగుతున్నారు, ఎవరూ నా వైపు చూడలేదు. చెక్‌పోస్టు దగ్గర పూలమ్మే ఆమె నా నుదురు చూసి, "అమ్మా, మూర మల్లెలు తీస్కపో, నీ పెనిమిటి వచ్చే యాళ్ళయింది" అంది. రేపు తీసుకుంటానన్నాను. కృష్ణానగర్ మలుపు దగ్గర పంపు కింద మొహం కడుక్కున్నాను. రేపటి సీను పెళ్ళో, చావో, సంతో, ఏజెంటు ఇంకా చెప్పలేదు.