చదవకుండా దాటేసిన వరుస

పదేళ్ళ పైమాటే, ఒక తప్పు నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

ఆయిల్, గ్యాస్ డబ్బుతో దోహాలో ఎటు చూసినా క్రేన్లే కనిపించే రోజులవి. అల్ ఘర్రాఫా దగ్గర మా సైట్. నేనూ మల్లేశూ జగిత్యాల వైపు వాళ్ళం. క్యాంపులో ఒకే గది. ఎవరికైనా దెబ్బ తగిలితే ఫస్ట్ ఎయిడ్ చేసే డ్యూటీ మా ఇద్దరిదీ. ఒకసారి పరంజా మీద నుంచి ఒకతను పడ్డాడు. నేను చూస్తూ నిలబడిపోయాను. మల్లేశే పరుగెత్తి, మెడ కదలకుండా పట్టుకుని, అంబులెన్స్ వచ్చేదాకా అతనితో మాట్లాడుతూ కూర్చున్నాడు. అతను బతికాడు. నేను సంతోషించాలి కదా? కుళ్ళుకున్నాను.

కొన్నాళ్ళకు, అక్కడి ఒక కాలేజీలో అంబులెన్స్ పని నేర్పే పారామెడిక్ కోర్సుకు కంపెనీ ఒక్కరిని పంపుతుందని సేఫ్టీ ఆఫీసరు చెప్పాడు. చేరడానికి ఏమేం కావాలో ఉన్న కాగితం నాకిచ్చి, మల్లేశుకూ చెప్పమన్నాడు.

మంచం మీద కూర్చుని మల్లేశుకు చదివి వినిపించాను. ఇంటర్ సర్టిఫికెట్. డ్రైవింగ్ లైసెన్సు. ఇంగ్లీషు పరీక్ష. ఆ తర్వాతి వరుసలో కామెర్ల టీకా: మూడు సూదులు, ఆరు నెలల్లో పూర్తి కావాలి. దాని మీద నా కళ్ళు ఆగాయి. నోరు ఆగలేదు, దాటేసింది.

"ఇంకేమన్న ఉన్నదా అన్నా?"

"ఏం లేదు తమ్మీ. గంతే."

"నువ్వు సూసినంక మల్ల నేను సూసుడెందుకు" అని నవ్వాడు.

ఇంగ్లీషు చదవడం వాడికీ వచ్చు. నా మీది నమ్మకంతో కాగితం ముట్టుకోలేదు. నేను మాత్రం చుట్టాల దగ్గరికని చెప్పి మదీనత్ ఖలీఫాలో ఒక క్లినిక్‌కు వెళ్ళి సూది వేయించుకున్నాను. ఆ రోజైనా చెప్పి ఉంటే వాడికీ గడువు సరిపోయేది. భుజం నొప్పిగా ఉందంటే బరువులెత్తి పట్టేసిందనుకుని, వాడే కూర్చుని బామ్ రాశాడు. నేను రాయించుకున్నాను!

టీకా కార్డు లేదని మల్లేశు దరఖాస్తు తిప్పి పంపారు, నన్ను తీసుకున్నారు. కొత్త రూలేమో అన్నాడు వాడు. మరి నీ కార్డు ఎక్కడిదని అడగలేదు. అడుగుతాడేమోనని నెల రోజులు వాడి మొహం చూడలేకపోయాను. ఏడాది తిరక్కుండానే సైట్ పని అయిపోయి వాడు ఇంటికి వెళ్ళిపోయాడు. ఇప్పుడు ట్రాక్టర్ నడుపుతున్నాడు.

నేను అంబులెన్స్‌లో ఉన్నాను. పని నేర్చుకున్నాను, బాగానే చేస్తాను. అయినా నా చేతుల్లో ఎవరైనా పోయినప్పుడల్లా, మల్లేశైతే బతికించేవాడా అన్న ప్రశ్న నన్ను కుదురుగా కూర్చోనివ్వదు. నేను ద్రోహం చేసింది వాడొక్కడికేనా?

పోయిన నెల వాడే ఫోన్ చేశాడు. వాళ్ళ చెల్లెలి కూతురు ఇలాంటి కోర్సులోనే చేరుతుందట, ఏమేం కావాలో చెప్పమన్నాడు. అన్నిటికంటే ముందు టీకా సంగతి చెప్పాను, ఆరు నెలల ముందే మొదలుపెట్టాలని రెండుసార్లు చెప్పాను.

"గప్పటి కాయితంల సుత ఇది ఉండెనా అన్నా?"

సిగ్నల్ సరిగా లేదని పెట్టేశాను. ఆ తర్వాత వాడు చేయలేదు, నేనూ చేయలేదు.

ఉండె, మల్లేశూ. నాలుగో వరుస. నేను చూసిన.