లిఫ్టులో నా తూకం

నేను లిఫ్టు మెకానిక్‌ని. ఇరవై ఆరేళ్ళుగా ఊళ్ళో జనాన్నంతా పైకి తీసుకెళ్తున్నాను, నేను మాత్రం ఉన్నచోటే ఉన్నాను. ఈ చమత్కారం నాదే. ఎన్ని పెళ్ళిళ్ళలో వాడానో లెక్కలేదు. ఇప్పుడు నేను సగం చెప్పగానే మిగతా సగం మా ఆవిడ పూర్తి చేసి, ఇక వెళ్దాం పద అంటుంది.

ఉన్నచోటే ఉన్నానన్నది కూడా పూర్తిగా నిజం కాదు. నేల మీద ఉన్నచోటే ఉన్నాను గానీ కాటా మీద ఏటేటా ముందుకే వెళ్తున్నాను. పెళ్ళినాడు అరవై రెండు కిలోలు. ఈ ఏడాది పుట్టినరోజుకి తొంభై నాలుగు. మా ఆవిడ నాతోపాటు అదే కంచాల్లో అదే తిండి తిని సన్నగానే ఉంది కాబట్టి, తప్పు తిండిది కాదని నా వాదన. ఆ వాదన మా ఇంట్లో ఎప్పుడూ నెగ్గలేదు.

తొంభై నాలుగు అనేది మామూలు మనిషికి ఒక అంకె. నాకు మాత్రం ఉద్యోగం. లిఫ్టు పైకీ కిందికీ తిరిగే నిలువు బావిని మేము షాఫ్టు అంటాం. దాని అడుగున మనిషి మునిగేంత లోతు గొయ్యి ఉంటుంది. షాఫ్టులో పని చేసేవాడు తొంభై కిలోలు మించకూడదని మా కంపెనీ నియమం. ఏడాదికోసారి తూస్తారు. మించితే ఆఫీసులో ఫోను ముందు కుర్చీ వేస్తారు. ఇక అక్కడ కూర్చుని ‘అమ్మా, తలుపు మీద చెయ్యి తీయండి, అదే మూసుకుంటుంది’ అని రోజుకు వందసార్లు చెబుతూ రిటైరవ్వాలి. నాకు ఆ కుర్చీ పేరెత్తితేనే ఒళ్ళు మండేది. తాళ్ళ చప్పుడు విని ఏ తాడు వదులైందో చెప్పగల మనిషిని కుర్చీలో కూలేస్తారా?

షాఫ్టు పని ఇద్దరిది. నా జోడీ మా బావమరిదే, మా ఆవిడకి తమ్ముడు. యాభై ఎనిమిది కిలోలు, గట్టిగా గాలి వీస్తే పట్టుకోవాలి. నేను గొయ్యిలోకి దిగితే వాడు పైన నిలబడి, నా నడుముకి కట్టిన తాడు కొస పట్టుకుంటాడు. నిచ్చెన మీద కాలు జారితే ఆపడానికి. మేం జోడీ కట్టిన పదకొండేళ్ళలో నేను ఒక్కసారీ జారలేదు. ఈ విషయం కూడా పెళ్ళిళ్ళలో చెబుతుంటాను.

నా బరువుకో దారి ఉందని నాకు చెప్పింది మా అమ్మాయి. పాపం, ఆ ఉద్దేశంతో చెప్పలేదు. కాలేజీలో ఫిజిక్స్ పాఠాలు చెబుతుంది, మర్నాటి పాఠం ముందురోజు సాయంత్రం నా మీద ప్రయోగిస్తుంది. నాకు అర్థమైతే క్లాసులో ఎవరికైనా అర్థమవుతుందట.

"నాన్నా, కిటికీలు లేని పెట్టెలో నిన్ను పెట్టి మూసేశారనుకో. నీ కాళ్ళ కింద నేల గట్టిగా తగులుతోంది. భూమి నిన్ను లాగుతున్నందుకా, లేక ఆ పెట్టెనే ఎవరో పైకి అంతకంతకూ వేగంగా లాక్కుపోతున్నందుకా? లోపలున్నవాడు తేల్చి చెప్పలేడు."

"ఆ పెట్టె సర్వీసింగ్ ఎవరు చూస్తున్నారో చెప్పు, నేను తేల్చేస్తా."

"జోకులొద్దు. ఇప్పుడా పెట్టె తాడు తెగిందనుకో..."

"తెగదు. ఒకటి తెగినా ఇంకా నాలుగుంటాయి. అన్నీ తెగినా బ్రేకు పట్టేస్తుంది."

"అబ్బా, అనుకోమన్నాను నాన్నా! అలా పడుతున్నంతసేపూ నీకు బరువే తెలీదు. కాటా మీద నిలబడినా ముల్లు సున్నా దగ్గరే ఉంటుంది."

సున్నా అనగానే నేను నిటారుగా కూర్చున్నాను.

ఆ తర్వాత ఆమె చెప్పినవి చాలా ఉన్నాయి. బరువైన వస్తువు చుట్టూ చోటూ కాలమూ రెండూ వంగుతాయని, మనం ఆకర్షణ అని పిలిచేది ఆ వంపేనని చెప్పింది. ఎత్తులో ఉన్న గడియారం కింద ఉన్నదానికంటే వెంట్రుకవాసి త్వరగా నడుస్తుందంది. అది విని, "చూశావా, నా బతుకంతా మేడల మీద మెషిన్ రూముల్లో గడిచింది. అందుకే నా జుట్టు నెరిసింది, నీది నెరవలేదు" అని మా ఆవిడతో అన్నాను. "నాది నెరవకపోవడానికి డబ్బాలో రంగుంది, నేను కింద ఉన్నందుకు కాదు" అంది ఆవిడ. నేను నవ్వాను గానీ మనసంతా ఆ సున్నా మీదే ఉంది.

సున్నా నాకు అక్కర్లేదు. నాలుగు కిలోలు తగ్గితే చాలు. లిఫ్టు కిందికి బయల్దేరేటప్పుడు కడుపులో ఏదో జారినట్టుంటుంది చూడండి, ఆ క్షణంలో కాటా తక్కువే చూపాలి కదా? మర్నాడే ఇంట్లో ముల్లు కాటాని సంచిలో పెట్టుకుని, కంపెనీవాళ్ళు ఏటా మాకు ఆరోగ్య పరీక్షలు జరిపే పాత భవనానికి పోయాను. అక్కడి లిఫ్టు నేను చూసుకునేదే. పైన తాళ్ళు తిప్పే చక్రం పాతకాలపుది, అంచు చాలా బరువు. బరువైన చక్రం కదలనని మొండికేసి, నిదానంగా వేగం అందుకుంటుంది. ఆపబోతే అంతే నిదానంగా ఆగుతుంది. కొత్త లిఫ్టుల్లో కంటే ఇందులో ఆ జారుడు ఎక్కువసేపు ఉంటుంది. బయల్దేరగానే రెండు లెక్కపెట్టేంతసేపు ముల్లు ఎనభై ఆరు మీద నిలబడింది. మధ్యలో మళ్ళీ తొంభై నాలుగు. ఆగేటప్పుడు నూట రెండు. మధ్యదీ చివరిదీ నాకు అనవసరం అనుకున్నాను. నా జీవితంలో చాలా నిర్ణయాలు ఇలాగే తీసుకున్నాను.

తూకం రోజు వచ్చింది. పరీక్షల గది మూడో అంతస్తులో ఉంది. నేల ఒకవైపుకి వాలి, బల్ల మీద పెన్సిల్ పెడితే దానంతటదే దొర్లి కింద పడుతుంది. నర్సమ్మ కాటా బయటికి తీయగానే నేను నా వృత్తి జ్ఞానమంతా ముఖంలోకి తెచ్చుకున్నాను.

"సిస్టర్, ఈ నేల మీద తూకం సరిగ్గా రాదు. ఈ భవనం మొత్తంలో మట్టంగా ఉన్న నేల ఒక్కటే, లిఫ్టుది. నేనే సరిచూశాను."

ఆవిడ పెన్సిల్ దొర్లడం రోజూ చూస్తున్న మనిషి. సరే పదండి అంటూ కాటా పట్టుకుని లేచింది. లిఫ్టులోకి రాగానే, గాలికి ముల్లు ఊగుతుందని చెప్పి గ్రిల్ తలుపు మూసి కాటా ఎక్కాను. జేబులో చెయ్యి పెట్టి కింద నిలబడ్డ బావమరిదికి మిస్డ్ కాల్ ఇచ్చాను. వాడు కింద బటన్ నొక్కాలి, అదీ మా ఒప్పందం. ఇది చెప్పినప్పుడు వాడు కాసేపు నా ముఖంలోకి చూసి, "నీ ఇష్టం బావా" అన్నాడు. నాకు నచ్చిన మాట అది. ఎందుకంత ఆలోచించాడని అడగలేదు.

లిఫ్టు కదిలింది. ముల్లు ఎనభై ఆరుకి దిగింది.

"సిస్టర్, చూడండి, ఎనభై ఆరు!"

"ఆగండి, కళ్ళజోడు పెట్టుకోనివ్వండి. నేను చూసిందే రాస్తాను" అంటూ ఆవిడ డబ్బా తెరిచి, అద్దాలు దూదితో తుడవడం మొదలుపెట్టింది. ఒక అద్దం అయ్యాక రెండోది. "ఇదేంటి, కదులుతోంది?" అని పైకి చూసింది. కింద ఎవరో నొక్కినట్టున్నారన్నాను. అప్పుడు తీరిగ్గా కళ్ళజోడు పెట్టుకుని వంగింది. సరిగ్గా అప్పుడే లిఫ్టు ఆగడం మొదలుపెట్టింది.

"నూట రెండు!" అని ఆవిడ కెవ్వుమన్నంత పని చేసింది.

నేను కాలు కాలినట్టు కాటా మీంచి దూకాను. వంద దాటితే కుర్చీ కూడా దక్కదు, ఆరు నెలలు సెలవు మీద పంపి పెద్దాసుపత్రి చుట్టూ తిప్పుతారు. "అది తప్పు సిస్టర్! లిఫ్టు ఆగుతోంది కదా, ఆగేటప్పుడు నేల కాళ్ళని ఎక్కువ నొక్కుతుంది, బయల్దేరేటప్పుడు తక్కువ నొక్కుతుంది..." అని మా అమ్మాయి పాఠమంతా అప్పజెప్పాను. క్లాసులో చెప్పినా ఇంత బాగా కుదిరేది కాదు. ఆవిడ మెల్లగా తలూపుతూ విని, "అయితే బయల్దేరేటప్పుడు ఎనభై ఆరు ఎందుకొచ్చిందో కూడా అర్థమైంది" అంది.

అప్పుడే బయటి నుంచి గ్రిల్ తెరుచుకుంది. మా బావమరిది తల లోపలికి పెట్టి, "ఎంతొచ్చింది బావా, ఎనభై ఆరేనా?" అన్నాడు.

ముగ్గురం మళ్ళీ మూడో అంతస్తుకి వచ్చాం. వాలిన నేల మీదే తూచింది ఆవిడ. తొంభై నాలుగు.

తిడుతుందనుకున్నాను. పొట్ట పట్టుకుని నవ్వింది. "పాతికేళ్ళుగా తూస్తున్నాను. బరువు చాలదని రాళ్ళు జేబులో వేసుకొచ్చినవాళ్ళని చూశాను, చెప్పులు విప్పి చొక్కా కూడా విప్పేసిన వాళ్ళని చూశాను. లిఫ్టు నడిపించినవాణ్ణి చూడలేదు. ఇంతకీ ఆయాసం వస్తోందా?"

"అస్సలు లేదు సిస్టర్. నిజం చెప్తున్నా, గొయ్యిలోంచి పైకెక్కడం పోయినేడాది కంటే ఇప్పుడే తేలిగ్గా ఉంది. నిచ్చెన మీద ఒళ్ళు దూదిలా లేస్తుంది."

"నాలుగు కిలోలే కదా. తొంభై అని రాస్తాను. మూడు నెలల్లో తగ్గాలి, మాటివ్వండి."

ఇచ్చాను. ఆవిడ నా కాగితం మీద తొంభై అని రాసి పక్కన పెట్టింది. నాకు ప్రాణం లేచొచ్చింది. మా బావమరిది భుజం తట్టి, ఇక నీ వంతు అంటూ వాణ్ణి నర్సమ్మ ముందు కుర్చీలోకి తోశాను.

వాడి బరువు యాభై ఎనిమిదే. రక్తపోటు చూడటానికి చొక్కా తీయమంటే కుడిచెయ్యి భుజం దాకా కూడా లేవలేదు. ఎడమచేత్తోనే ఎలాగో చొక్కా విప్పి, ఆ చేత్తోనే కుడిచేతిని పట్టుకుని పైకి తెచ్చి బల్ల మీద పెట్టాడు, బరువైన సామాను పెట్టినట్టు. నర్సమ్మ నవ్వు ఆపి ఆ చేతిని వెల్లకిలా తిప్పింది. అరచేతికి అడ్డంగా, తాడంత వెడల్పున చర్మం లేచిపోయి, మానిన చోటే మళ్ళీ లేచింది. రెండో చేతిలో కూడా అంతే.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏడాదైంది సిస్టర్."

"ఏం లాగుతావు నువ్వు?"

వాడు నావైపు చూడలేదు. కిటికీ వైపు చూశాడు. అక్కడితో నాకు అర్థమైపోయింది. జారితే ఆపడానికి పట్టుకోమన్న తాడుతో వీడు నన్ను మెట్టు మెట్టుకీ పైకి లాగుతున్నాడు. ఏడాదిగా నిచ్చెన ఎక్కింది నేను కాదు.

"నాకెందుకు చెప్పలేదురా?"

"ఎక్కాక ప్రతిసారీ నువ్వు, చూశావా యాభై నాలుగేళ్ళకి కూడా ఎలా ఎక్కానో అని సంబరపడతావు కదా బావా. ఎలా చెప్పను?"

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉన్నా బాగుండేది. లేదు.

"సిస్టర్, నా కాగితం మీద తొంభై నాలుగు రాయండి."

"రాస్తే రేపటి నుంచే కుర్చీ. తర్వాత వచ్చి మార్చమంటే మార్చను."

"బావా, నాలుగు కిలోలే కదా, తగ్గుతావులే" అన్నాడు వాడు. "ఆ ఫోను ముందు నువ్వు రెండు రోజులు కూర్చోలేవు."

"కూర్చుంటాను. రాయండి సిస్టర్."

ఆవిడ తొంభైని కొట్టేసి, పక్కన తొంభై నాలుగు రాసి, నా సంతకం తీసుకుంది. మా బావమరిది చొక్కా చేతిలోకి చెయ్యి దూర్చలేక అవస్థ పడుతున్నాడు. నేను వెనక నిలబడి తొడిగి, ఒక్కొక్క గుండీ పెట్టాను. వాడు చిన్నపిల్లాడిలా కదలకుండా నిలబడ్డాడు.