అలిపిరిలో అప్పజెప్పిన తాళంచెవి

స్కూటరు కొండ కింద, దాని తాళంచెవి కొండ మీద, ఎదురుగా చెప్పుల్లేని కొత్త ఇల్లాలు. ఈ మూడింటినీ ఒకే పూటలో సమకూర్చిన మహానుభావుడు తిరుపతిలో ఒక్కడే పుట్టినాడు. నమస్కారం, అది నేనే.

నా భార్య వసుధది నగరి. పెళ్లయిన కొత్తలో ఆమెకు రెండు ఉద్యోగాలు వచ్చాయి. ఒకటి మా తిరుపతి నుంచి రోజూ పోయిరాగల శ్రీసిటీలో, ఒకటి తమిళనాడులోని కోయంబత్తూరులో.

"ఆదివారమైతే నేను కొండలెక్కాల, అడవిలో తిరగాల. యా ఊరు దానికి బాగుంటే ఆ ఊర్లోనే కాపురం" అనింది.

సాయంత్రం గుడి గోష్ఠిలో కూర్చుని ఆళ్వార్ల పాశురాలు చదవకపోతే నాకు అన్నం దిగదు. కోయంబత్తూరులో నన్నెవరు పిలుస్తారు?

"సాక్షాత్తూ ఆదిశేషుడే ఏడుకొండలై మన పెరట్లో పడుకోనుంటే పక్క రాష్ట్రం కొండలెందుకు? ఈ ఆదివారం తలకోన జలపాతానికి పోదాం, సూడు!" అని లేని మీసం మెలేశాను.

బయల్దేరేముందు అలిపిరిలో ఆగి స్వామి పాదాలకు మొక్కుకుందామన్నాను. బూట్లు విప్పి సంచుల్లో వేశాం. వసుధ ప్రదక్షిణలు చేస్తోంది, సంచులు నా చేతిలో ఉన్నాయి. ఇక్కడ మీరు కాస్త ఊపిరి బిగబట్టాలి. చిన్నప్పటి నుంచి నాయనతో నడిచి కొండెక్కినవాణ్ణి. నడక భక్తుల సామాన్లు పైకి చేర్చే కౌంటరు కనబడితే నా చేతులు నన్నడగవు. సంచులు ఇచ్చేశాను. చీటీ పుచ్చుకున్నాను. "గోవిందా!" అని కూడా అన్నాను.

వసుధ వచ్చింది. "నా బూట్లు యాడ?"

"సంచిలో."

"సంచి యాడ?"

కొండ మలుపు తిరుగుతున్న సామాన్ల లారీని వేలితో చూపించాను.

"పులిహోర?"

"ఇంకో సంచిలో. అదీ ఆ లారీలోనే."

"బండి తాళం?"

నేను గోవిందనామాలు అందుకున్నాను.

"భారమంతా స్వామి మీద వెయ్యండని గోష్ఠిలో రోజూ చెప్తారే, బండి తాళం కూడా ఏసేస్తిరా?"

"బస్సులో పోయి తెచ్చేస్తా."

"బస్సా? ఆదిశేషుణ్ణి సూపిస్తానంటిరే! నడవండి."

మెట్లదారి మధ్యలోని గాలిగోపురం చేరేసరికి నేను పాత కుక్కరులా ఈలలేస్తున్నాను. ఆమె జింకలను పలకరిస్తూ, ఖాళీ చేతులు ఊపుకుంటూ లేడిపిల్లలా పోతోంది.

పైన సంచులు మాకంటే ముందే వచ్చి కూర్చున్నాయి. పులిహోర విప్పాం. నేను తీర్పు కోసం ఆమె ముఖంలోకి చూశాను. కోయంబత్తూరు రైలు కూత నా చెవుల్లో వినిపిస్తోంది.

"ఆడ కొండెక్కాలంటే మూట మనమే ఈపున మోసుకోని పోవాల" అనింది, నోట్లో ముద్దతో. "ఈడ మనిషి నడిస్తే సాలు, మూట దానంతట అదే వస్తాది. ఇట్లాంటి ఊరు ఇంగ యాడుండాది? శ్రీసిటీలోనే చేరతా."

నా తెలివి ముంచితే నా ఊరు తేల్చింది! నా ఛాతీ గాలిగోపురమంత అయింది.

"పదండి, దిగుదాం."

"బస్సులోనా?"

"నడిచే."

ఏడుకొండలవాడి సాక్షిగా, దిగుతూ మెట్టు మెట్టుకూ నేను చేసిన ప్రతిజ్ఞ ఇది: ఇకమీదట బరువులన్నీ స్వామికి, తాళంచెవి మాత్రం నా మొలతాడుకి.